బైబిలులో దాచిన దినార్లు

సాధారణంగా ఈ పేజీలో ఇతరుల జీవితాలలో నుండి నేర్చుకోదగిన పాఠాలు వ్రాస్తుంటాము. ఈసారి నేను చేసిన పొరపాటునే మీ ముందు పెడుతున్నాను. దీనిని చదివి ఒక్క కుటుంబమైనా తమ ఇనుప పెట్టె తెరిచి చూసుకుంటే, ఇది వ్రాసినందుకు ఫలితం దక్కినట్టే.

2025 జూన్ నెలలో ఒక ఆదివారం. మెట్టుగూడలోని మా సంఘములో ఆరాధన ముగిసింది. అందరూ వెళ్ళిపోయారు గాని ఒక సహోదరి మాత్రం మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఆమె ముఖములో ఆ రోజు సంతోషం కనబడింది. కూతురికి నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. వారం రోజులలో మొదటి వాయిదా కట్టాలట.

"కట్టేస్తాను అయ్యగారూ, నా దగ్గర ఉన్నాయి" అంటూ ఆమె తన జిప్పు బైబిలు తెరిచి, కీర్తనల గ్రంథం మధ్యలో నుండి ఒక తెల్ల కవరు తీసింది. అందులో మూడు నోట్లు. ఒక్కొక్కటి ఇరవై కువైట్ దినార్లు. ఒక మడత లేదు, మరక లేదు.

"మీరు చెప్పినట్టే దాచాను. ఇప్పుడు అవసరం వచ్చింది. మీరే మార్పించి పెట్టండి" అంది.

"మీరు చెప్పినట్టే" అన్న ఆ మాట అప్పుడు నాకు తియ్యగానే వినబడింది.

ఆమెది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. భర్త చనిపోయాక బిడ్డను తల్లి దగ్గర వదిలి కువైట్ వెళ్ళింది. గోదావరి జిల్లాల నుండి, కడప వైపు నుండి ఎంతమంది అక్కచెల్లెళ్ళు అలా ఇళ్ళలో పనికి వెళ్ళారో మన సంఘాలకు తెలియనిది కాదు. ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో వంట చేసి, పిల్లలను పెంచి, 2013లో తిరిగి వచ్చింది. బయలుదేరే రోజున ఆ ఇంటి యజమానురాలు జీతం కాక ఈ మూడు నోట్లు చేతిలో పెట్టి, "నీ కూతురికి" అన్నదట. అందుకే శంషాబాదు విమానాశ్రయంలో దిగినప్పుడు మిగతావన్నీ మార్చుకున్నా వీటిని ముట్టుకోలేదు. తరువాత రైల్వేలో పనిచేసే తమ్ముడి దగ్గరకు మెట్టుగూడ వచ్చి, తార్నాకలో ఒక బడిలో ఆయాగా చేరింది.

ఇక నా సంగతి. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి ఐదువందలు, వెయ్యి నోట్ల రద్దు ప్రకటన వచ్చింది గదా. ఆ వారమంతా తార్నాక బ్యాంకుల ముందు బారులు మీకు గుర్తుండే ఉంటాయి. ఈ సహోదరి బియ్యం డబ్బాలో దాచుకున్న ఐదువందల నోట్లు పట్టుకొని వస్తే, నేనూ ఆమె వెంట వరుసలో నిలబడ్డాను. రెండో రోజున గాని పని కాలేదు. బయటకు వచ్చాక ఆమె ఈ కవరు చూపించి, "అయ్యగారూ, ఇవి కూడా రద్దవుతాయా?" అని భయంగా అడిగింది.

నేను నవ్వాను. "ఇవి మన సర్కారు నోట్లు కావమ్మా. గల్ఫు డబ్బు చెడదు, ఏటేటా పెరుగుతుంది. పాప చదువుకు ఉంచు" అన్నాను.

ఆరేళ్ళ తరువాత, 2022లో, మా సంఘములో ఒకరి బంధువు సెలవుకు వచ్చి మళ్ళీ కువైట్ వెళ్తున్నాడు. ఆ నోట్లు అతనికిచ్చి అక్కడే మార్పించి పంపమననా అని ఆమె మళ్ళీ నన్నే అడిగింది. "ఒకరి చేతిలో ఎందుకు పెట్టడం? బైబిలులో ఉన్నాయి, ఉండనీ" అన్నాను. అప్పుడది నాకు జ్ఞానముగల మాటగానే తోచింది.

ఆ ఆదివారం మరునాడు కవరు జేబులో పెట్టుకొని సికింద్రాబాదులో విదేశీ నోట్లు మార్చే ఒక దుకాణానికి వెళ్ళాను. కౌంటరులోని కుర్రవాడు నోటు అటూ ఇటూ తిప్పి చూసి, అద్దం కింద నుండి వెనక్కి తోశాడు.

"పాత సిరీస్ సార్. తీసుకోం."

"నోటు కొత్తగానే ఉంది గదా బాబూ."

"నోటు కొత్తదే సార్, బొమ్మ పాతది."

మరొక దుకాణంలోనూ అదే జవాబు. అక్కడి పెద్దమనిషి మాత్రం ఓపికగా వివరం చెప్పాడు. నేను తరువాత విచారించి తెలుసుకున్నదీ అదే. కువైట్ దేశం 1994లో తెచ్చిన నోట్లను ఐదవ ముద్రణ అంటారు. 2014 జూన్‌లో ఆరవ ముద్రణ వచ్చింది. 2015లో పాత వాటిని చలామణి నుండి తీసివేసి, వాటిని అక్కడి కేంద్ర బ్యాంకులో మార్చుకొనుటకు పదేళ్ళు గడువు ఇచ్చారు. ఆ గడువు 2025 ఏప్రిల్ 18వ తేదీతో ముగిసింది.

అంటే మేము రెండు నెలలు ఆలస్యమైపోయాము. 2016లో నేను నవ్వుతూ ధైర్యం చెప్పేనాటికే అవి చలామణిలో లేవు. 2022లో ఆ సహోదరుడు తీసుకొని వెళ్ళి ఉంటే, కువైట్ నగరంలో కేంద్ర బ్యాంకు కిటికీ దగ్గర పూర్తి విలువ వచ్చి ఉండేది. రెండుసార్లు తలుపు తెరిచి ఉన్నప్పుడు వెళ్ళనివ్వక ఆపినవాడిని నేనే. అరవై దినార్లంటే ఆనాటి ధరకు పదహారు వేల రూపాయలకు పైమాటే. జీతం మీద బ్రతికే ఆయమ్మకు అది ఎంత డబ్బో వేరే చెప్పనక్కరలేదు.

మెట్రో దిగి మెట్టుగూడ స్టేషను మెట్ల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. దారిలో మా సంఘ పెద్ద ఒకాయన ఇంటికి వెళ్ళాను. లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వృద్ధుడు ఆయన. సంగతంతా విని ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, ఒక పాత డబ్బా తెచ్చి, అందులో నుండి ఒక వెండి రూపాయి నా చేతిలో పెట్టారు. దాని మీద చార్మినారు బొమ్మ ఉంది.

"ఇది మా నాయనది. హాలీ రూపాయి. ఒకప్పుడు ఈ మెట్టుగూడలో ఇదే రూపాయి" అన్నారు.

నిజాం రాజ్యానికి సొంత నాణెము ఉండేదని పెద్దల నోట వినే ఉంటారు. దానిని ఉస్మానియా సిక్కా అని, హాలీ అని అనేవారు. ఇంగ్లీషువారి రూపాయి కల్దారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి. ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైన 1918లోనే నిజాం కాగితపు నోట్లు కూడా మొదలయ్యాయి. మన తార్నాక పక్కనే ఉన్న ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరిచేనాటికి ఈ ఊరి డబ్బు ఆ డబ్బే. బెజవాడ వెళ్ళాలంటే తన తండ్రి హాలీ ఇచ్చి కల్దారు తీసుకొని బయలుదేరేవాడని ఆ పెద్దాయన చెప్పారు. సముద్రం దాటకుండానే, తెలుగు మాట్లాడే చోటు నుండి తెలుగు మాట్లాడే చోటికి పోతూనే డబ్బు మార్చుకోవలసి వచ్చేది! హైదరాబాదు భారతదేశంలో కలిసిన తరువాత 1950లో భారత రూపాయి దానితోపాటు వాడుకలోకి వచ్చింది. 1951లో హాలీ ముద్రణ ఆగింది. 1959లో అది పూర్తిగా రద్దయింది.

"రాజ్యం పోయాక దాని డబ్బు ఎంతకాలం ఉంటుంది అయ్యగారూ? మీరు గల్ఫు డబ్బు చెడదన్నారు. మా నాయన నిజాం డబ్బు చెడదన్నాడు" అన్నారాయన. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే మరీ గుచ్చుకుంది.

కువైట్ డబ్బు సంగతే చూడండి. 1990 ఆగస్టులో ఇరాకు ఆ దేశాన్ని ఆక్రమించినప్పుడు, అక్కడి మన తెలుగువారు ఎంతోమంది కట్టుబట్టలతో జోర్డాను దేశపు అమ్మాను నగరానికి చేరుకున్నారు. లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను ఎయిర్ ఇండియా విమానాలు స్వదేశానికి చేర్చాయి. జేబులో దినార్లున్నా ఆ రోజులలో వాటికి విలువ లేకుండా పోయింది. 1991లో కువైట్‌కు విడుదల దొరికాక వెంటనే కొత్త నోట్లు వేసి పాతవి రద్దు చేశారు. ఇరాకు సైనికులు దోచుకుపోయిన నోట్లు చెల్లకుండా చేయడమే దాని ఉద్దేశం. నోటు బలం కాగితములో లేదు. "దీనికి నేను బాధ్యత వహిస్తాను" అనే ప్రభుత్వపు మాటలో ఉంది. ఆ మాటకు గడువు పెడితే, ఆ తేదీ దాటాక మిగిలేది బొమ్మ మాత్రమే.

ఈ విషయాలు నాకు ముందే తెలిసి ఉండవలసింది. ఎందుకంటే 2018లో పరిశుద్ధ భూమి యాత్రకు వెళ్ళే భాగ్యం నాకు కలిగింది. జోర్డాను, ఇశ్రాయేలు, ఐగుప్తు. మూడు దేశాలు, మూడు రకాల డబ్బు. సికింద్రాబాదులో కొనుక్కున్న డాలర్లు తీసుకొని వెళ్ళాను. అమ్మానులో ఒక కౌంటరు దగ్గర నా ఇరవై డాలర్ల నోటు తిప్పికొట్టారు. కారణం, దాని అంచు మీద ఎవరో పెన్నుతో అంకె వేశారు. అమెరికా ప్రభుత్వం 1861 నుండి తాను వేసిన ఏ నోటునూ చెల్లదని అనలేదు. అయినా గీత ఉన్నవి, చిరిగినవి, బాగా పాత బొమ్మవి బయటి దేశాలలో చాలా దుకాణాలు తీసుకోవు. మనకేమో నోటు కట్ట మీద లెక్క వ్రాసుకోవడం, పిన్ను కొట్టడం అలవాటు. ఆ రోజు నా పక్కనున్న సహోదరుడు తన నోటు ఇచ్చి ఆదుకున్నాడు.

యెరూషలేములో షెకెళ్ళు తీసుకుంటున్నప్పుడు నాకు వేరొక ఆలోచన వచ్చింది. ధర్మశాస్త్రములో ఆలయపు పన్నుగా చెప్పబడిన అరతులము (నిర్గమ 30:13), మత్తయి 17వ అధ్యాయములోని అరషెకెలు, రెండూ ఆ షెకెలు లెక్కే. ఇప్పటి ఇశ్రాయేలు డబ్బుకు పేరు అదే గాని నోట్లు వేరు. 1980లో వారి పౌను పోయి షెకెలు వచ్చింది. ధరలు విపరీతంగా పెరిగిపోవడంతో 1986లో వెయ్యి పాత షెకెళ్ళకు ఒక కొత్త షెకెలు చేశారు. పేరు వేల ఏళ్ళు నిలిచింది. నోటు ఆరేళ్ళు నిలవలేదు.

ప్రభువు దేవాలయములో రూకలు మార్చువారి బల్లలను పడద్రోసిన సంగతి (మత్తయి 21:12) నేను ఎన్నోసార్లు బోధించాను. వారిని దొంగల గుంపుగానే చూపించేవాడిని. కాని ఆ కాలములో పండుగకు దూరదేశాల నుండి యూదులు వచ్చేవారు. ఆలయపు పన్ను తూరు పట్టణపు వెండిలోనే కట్టాలి, ఎందుకంటే అందులో వెండి స్వచ్ఛముగా ఉండేది. కాబట్టి ఎవరో ఒకరు మార్చి ఇవ్వక తప్పదు. మార్చినందుకు కొద్ది రుసుము తీసుకొనుట యూదుల మిష్నా గ్రంథములోనే ఉన్నది. డబ్బు మార్చడం తప్పు కాదు. ఎదుటివాడు పరాయి ఊరివాడు, అవసరములో ఉన్నాడు, లెక్క తెలియనివాడు. ఆ తెలియనితనం మీద బల్ల వేసుకొని కూర్చోవడమే తప్పు.

అమ్మాను కౌంటరులో ఇంత నేర్చుకొని వచ్చినవాడిని, 2022లో ఆ సహోదరి కవరు చూపించినప్పుడు ఒక్కసారి ఆ నోట్ల సంగతి విచారించి ఉండాలి గదా. విచారించలేదు. ఎందుకు? నాకు తెలుసు అనుకున్నాను. సంఘకాపరిని అందరూ అన్నీ అడుగుతారు. ఏ బడిలో చేర్చాలి, ఏ డాక్టరు మంచివాడు, ఈ సంబంధం చేయవచ్చునా, ఈ చీటీ కట్టవచ్చునా. నేను చదివినది వేదాంత డిప్లొమా. దానిలో బ్యాంకు పాఠం లేదు. "తెలియదమ్మా, కనుక్కొని చెబుతాను" అనడానికి నాకు ఏమి అడ్డమొచ్చింది? ఆ బల్ల దగ్గర నేను లాభం తీసుకోలేదు గాని, ఆమె తెలియనితనం మీద నా పెద్దరికం కూర్చుంది.

ఆ రాత్రి నా భార్యకు అంతా చెప్పాను. మేము ఫ్రిజ్జు కొందామని కొంత డబ్బు కూడబెట్టుకున్నాము. ఆమె మారు మాట్లాడకుండా ఆ డబ్బు తెచ్చి నా ముందు పెట్టింది. ఆ రోజు దుకాణంలో కొత్త దినారుకు వేసిన ధర కాగితం మీద వ్రాసుకొని వచ్చాను. అరవైతో హెచ్చవేసి, అంత డబ్బు కవరులో పెట్టుకొని ఇద్దరమూ ఆ సహోదరి ఇంటికి వెళ్ళాము.

ఆమె కవరు ముట్టలేదు. "మీరేమన్నా నా డబ్బు తిన్నారా అయ్యగారూ? మంచి కోరే చెప్పారు గదా. వద్దు" అంది.

నేను ఏమనాలో తోచక ఊరుకున్నాను. నా భార్యే అంది: "మంచి కోరే చెప్పారమ్మా, కాని తెలియకుండా చెప్పారు. నువ్వు ఆయన మాట నమ్మి దాచావు. ఇది సాయం కాదు, బాకీ."

ఆమె చాలాసేపు ఆలోచించింది. ఆ తరువాత తన బైబిలు పక్కన నేను పెట్టిన మూడు దినారు నోట్లు తీసి నా చేతికిచ్చింది. "అయితే ఇవి మీరు తీసుకోవాలి అయ్యగారూ. మార్పిడి అంటే మార్పిడే. ఊరికే నేను తీసుకోను" అంది. ఆ మాట అన్నాకే డబ్బు కవరు అందుకుంది. పాప ఫీజు గడువు లోపల కట్టారు.

మరుసటి ఆదివారం పుల్పిట్టు మీద నుండి ఈ సంగతి ఆమె పేరు చెప్పకుండా సంఘానికి చెప్పాను. నా తప్పు చెప్పుకొనుటకు లేచాను గాని, దాని ఫలితం నేను ఊహించలేదు. ఆ వారములో మా ఇంటికి అయిదారు కుటుంబాలు తమ తమ దాపుడు నోట్లు పట్టుకొని వచ్చాయి. ఈసారి ప్రతి దానికీ "కనుక్కొని చెబుతాను" అన్నాను. కనుక్కున్నవి మీకూ పనికివస్తాయని వ్రాస్తున్నాను.

ఒకరి దగ్గర కొడుకు ఇంగ్లాండు నుండి తెచ్చిన ఇరవై పౌన్ల కాగితపు నోటు ఉంది. కాగితపు ఇరవై, యాభై పౌన్ల నోట్లు 2022 సెప్టెంబరు 30 తరువాత అక్కడి అంగళ్ళలో చెల్లవు. అయినా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు తన పాత నోటును ఎప్పుడైనా పూర్తి విలువకు తీసుకుంటుంది. కొడుకు ఈసారి వచ్చినప్పుడు ఇచ్చి పంపమన్నాను. యూరో వచ్చిన దేశాలలోనూ ఈ తేడా ఉంది. జర్మనీ పాత మార్కులకు గడువే లేదు. ఫ్రాన్సు ఫ్రాంకులకు 2012 ఫిబ్రవరితో గడువు ముగిసింది. ఏ దేశం మాట ఆ దేశానిదే.

ఒక అవ్వ రెండు వేల రూపాయల నోట్లు రెండు తెచ్చింది. 2023 మే 19న రిజర్వు బ్యాంకు వాటిని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది గాని, అవి రద్దు కాలేదు. మామూలు బ్యాంకులు ఇప్పుడు తీసుకోవు. రిజర్వు బ్యాంకు పందొమ్మిది కార్యాలయాలలో ఒకటైన హైదరాబాదు సైఫాబాదు కార్యాలయంలో ఒకసారికి ఇరవై వేల వరకు మార్చుకోవచ్చు. అంతదూరం రాలేని పల్లెటూరివారు పోస్టు ద్వారా పంపి తమ ఖాతాలో వేయించుకునే వీలు కూడా కల్పించారు.

ఇంకొకరు పాత వెయ్యి నోట్లు నాలుగు తెచ్చారు. వాటికి ఏ దారీ లేదు. దేశములో ఉన్నవారికి 2016 డిసెంబరు 30తో, ఆ రోజులలో విదేశాలలో ఉండిపోయిన మనవారికి 2017 మార్చి 31తో, ప్రవాస భారతీయులకు జూన్ 30తో గడువు తీరింది. ఆ ఆఖరి అవకాశం కూడా ముంబాయి, ఢిల్లీ, చెన్నై, కలకత్తా, నాగపూరులలోనే ఇచ్చారు. 2017 చట్టం ప్రకారం అటువంటి నోట్లు పదికి మించి దగ్గర పెట్టుకొనుట శిక్షార్హం. కాబట్టి ఎవరైనా "కమిషను ఇస్తే మార్చిపెడతాను" అంటే నమ్మవద్దు.

విదేశాల నుండి వచ్చేవారు రెండు వేల డాలర్ల విలువకు మించిన నోట్లను 180 రోజులలోగా బ్యాంకుకో లైసెన్సున్న మార్పిడి దుకాణానికో అప్పగించాలి. అంతకన్నా తక్కువ ఉంచుకోవచ్చు. కాని ఉంచుకోవచ్చు అన్నంత మాత్రాన ఉంచుకొనుట మంచిదని కాదు. వచ్చిన నెలలోనే రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న చోట మార్చి, రసీదు తీసుకొని, ఆ డబ్బు బిడ్డ పేరున బ్యాంకులో వేయండి. జ్ఞాపకార్థం ఉంచుకోవాలనుకుంటే చిన్న నోటు ఒకటి చాలు.

ఆ మూడు నోట్లు ఇప్పుడు నా బైబిలులో ఉన్నాయి. మత్తయి 21వ అధ్యాయము దగ్గర పెట్టుకున్నాను. ఎవరైనా సలహా అడుగుటకు వచ్చినప్పుడు, నోరు తెరిచే ముందు ఒకసారి ఆ పేజీ తెరుస్తాను. ఆ పాప మొన్న సెలవుకు వచ్చి, తెల్ల కోటు వేసుకొని మా ఇంటికి వచ్చింది. "అంకుల్, ఆ నోట్లు ఒకసారి చూపించండి" అని అడిగింది. వాటిని చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసి, జాగ్రత్తగా మళ్ళీ అదే పేజీలో పెట్టి బైబిలు మూసింది.